సంత రోజు నాలుగో గంట

ఈ వ్యాసం చదవబోతున్న పెద్దలందరికీ ముందుగా సాష్టాంగపడి క్షమాపణలు. పోయినవాళ్ల గురించి రాసే అర్హత నాకు ఏ కోశానా లేదు. నేను ఇంతవరకు రాసినవాటిలో చెప్పుకోదగ్గ రచన ఒక్కటే. డిగ్రీ రెండో సంవత్సరంలో హాస్టల్ సాంబారు మీద ప్రిన్సిపాల్‌కు పెట్టిన అర్జీ. అందులో పప్పును 'కీర్తిశేషులు' అన్నందుకు నన్ను వారం రోజులు ఇంటికి పంపారు. కాబట్టి, ఇందులో నవ్వకూడని చోట నవ్వితే క్షమించండి. ఏడవాల్సిన చోట పక్కదారి పడితే క్షమించండి. మేడం పోయిన కబురు విన్నప్పుడు నా నోట్లో మిరపకాయ బజ్జీ ఉంది, దానికి కూడా క్షమించండి. ఉమ్మేయలేదు. నమిలి మింగాను.

అప్పుడు నేను వైరాలో, బస్టాండు ఎదుట బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నాను. టేకులపల్లి ఎరువుల షాపాయన ఫోన్ చేశాడు.

"తమ్మీ, మేడం ఇగ లేరు. పొద్దుగాల ఖమ్మంల. గుండె."

"సరే అన్నా, సంత రోజు కలుద్దాం" అన్నాను నేను.

నిజంగా ఆ మాటే అన్నాను. ఆయన "సరే తమ్మీ" అని పెట్టేశాడు. చేతిలో ఇంకో బజ్జీ ఉంది. అదీ తిన్నాను. తిన్నాక బండి చక్రం పక్కనే కూలబడ్డాను.

మేడం అంటే ఎవరో చెప్పాలి. ఆమె మనసు బాగాలేని వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి. డాక్టరంటే ఒప్పుకునేవారు కాదు. "మందు రాయను, సూది పొడవను, నేను కౌన్సెలర్ని" అనేవారు. కౌన్సెలర్ అంటే ఏందమ్మా అని సంతలో ఎవరో అడిగితే, "ఎదురుగా కూర్చుని వింటా" అన్నారట. ఆ రోజు నుంచి మా వైపు వాళ్లకు ఆమె మాటల డాక్టరమ్మ. వారమంతా ఖమ్మంలో తన ఇంట్లోనే చూసేవారు. సంత రోజు మాత్రం మధ్యాహ్నం బస్సుకు టేకులపల్లి వచ్చి, ఎరువుల షాపు మీది గదిలో నలుగురిని చూసి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు. మనిషికి ఒక గంట. నలుగురంటే నలుగురే. ఆ నలుగురిలో చివరివాణ్ని నేను. నాలుగో గంట నాది.

నేనెందుకు వెళ్లానో టూకీగా చెబుతాను. ఉద్యోగం పరీక్ష రాశాను, అది రద్దయింది. మళ్లీ రాశాను, అది పోయింది. ఆ తర్వాత నేనే పోదామనుకున్నాను. మా అమ్మ కనిపెట్టి, ఊళ్లో దవాఖానా నర్సమ్మను అడిగి, నా జబ్బ పట్టుకుని ఆ మెట్ల దాకా తీసుకొచ్చింది.

ఆ రోజు నా సంచిలో తాసిల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు జిరాక్సు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు ఉన్నాయి. పైన గదిలో మనిషి స్తోమతను బట్టి ఫీజు తీసుకుంటారని నర్సమ్మ చెప్పింది. మన దగ్గర ఏదైనా తక్కువకు రావాలంటే కాగితం లేకుండా వస్తుందా? నాకంటే ముందు వెళ్లినవాళ్లంతా అలాగే తీసుకెళ్లారట. ఒకాయనైతే సర్పంచ్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడట.

మేడం ఆ కాగితాలు తెరవకుండానే నా ఒళ్లో పెట్టారు. ఆమెది మధిర వైపు ఊరు. మాట మెత్తగా ఉండేది.

"ఇవి చూస్తే నీ గురించి తాసిల్దారు చెప్పినట్టవుద్ది. నువ్వు చెప్పు. గంటకి ఎంత సంపాదిస్తావ్?"

"సున్నా మేడం. గుండు సున్నా."

"సున్నాకి నేను చూడను."

"అదేంది మేడం, లేనోళ్లకు తక్కువ అన్నరు గదా!"

"తక్కువ అన్నాను, ఊరికే అనలేదు. ఊరికే చూస్తే నాకు రుణపడ్డానంటావ్. రుణపడినోడు నన్ను సంతోషపెట్టాలని చూస్తాడు గానీ నిజం చెప్పడు. ఇంకోటి చెప్పు."

పక్కింటి పిల్లలకు లెక్కలు చెబుతానని, వాళ్లమ్మ నెలకిచ్చేది గంటలకు పంచితే నలభై పడుతుందని చెప్పాను.

"అయితే నా గంట కూడా నలభై" అన్నారు.

ఆమె పద్ధతి అదే. నీ గంటకు ఎంత వస్తే నా గంటకూ అంతే. కల్లంలో మిర్చి ఏరే ఆమెకు గంటకు యాభై పడితే యాభై. ఖమ్మంలో పెద్ద డాక్టరుకు గంటకు రెండు వేలు పడితే రెండు వేలు. గంటకు వంద లోపు వచ్చేవాళ్లకే టేకులపల్లి గది. వంద దాటినవాళ్లు ఖమ్మం వెళ్లాలి. ఆ ఖమ్మం వాళ్ల డబ్బుతోనే ఈ గది కిరాయి, ఆమె బస్సు, మా గంటలు గడిచేవి. తలుపు పక్కన మూతున్న పచ్చడి జాడీ ఒకటి ఉండేది. వెళ్లేటప్పుడు ఎవరిది వాళ్లు అందులో వేయడమే. ఎంత వేశావని ఆమె చూసేవారు కాదు. ఆ సమయానికి కిటికీ వైపు తిరిగి నీళ్లు తాగేవారు.

కాగితాల గొడవ తేలాక నేను గొంతు సవరించుకుని, ఎన్నాళ్ల నుంచో దాచుకున్న జోకు వేశాను. "కింద పురుగుల మందు అమ్ముతరు, పైన తాగొద్దని చెప్తరు. ఇద్దరిలో ఎవరికి గిరాకీ ఎక్కువ మేడం?"

ఆమె నవ్వలేదు. కోప్పడలేదు.

"ఈ జోకు ఎన్ని రోజుల్నుంచి తయారు చేస్తున్నావ్ నాయనా?" అన్నారు.

నా మొహం పగిలి ఏడుపు బయటపడింది. ఇంకా మర్యాదగా చెప్పడం నాకు రాదు. నలభై రూపాయల గంటలో ముప్పావు గంట ముక్కు చీదుకోవడానికే సరిపోయింది. ఆమె బల్ల మీద గడియారాన్ని నా వైపు తిప్పి పెట్టి, "నీ గంట ఇంకా ఉంది, కంగారు లేదు" అన్నారు. వచ్చిన ప్రతివాడి వైపూ అలాగే తిప్పేవారు. గంట అయ్యాక తన వైపు తిప్పుకునేవారు. ఆ చిన్న చప్పుడు వినగానే లేవాలని మాకు తెలుసు.

ఆమె సలహాలు పెద్దగా ఇచ్చేవారు కాదు. ఒకసారి నేను ఇప్పుడు ఏడుపు రావడం లేదని, బాగయిపోయాననుకుంటున్నానని గర్వంగా చెప్పాను. "ఏడుపు ఆగితే బాగయినట్టు కాదు. ఆకలయితే చెప్పు" అన్నారు. ఇంకో ఆరు వారాలకు, వచ్చే దారిలో బస్సు దిగి మిరపకాయ బజ్జీలు తిన్నానని ఏదో మాటల్లో అన్నాను. ఆమె కుర్చీలో ముందుకు వంగారు. ఎన్ని తిన్నావ్, కారంగా ఉన్నాయా, ఉల్లిపాయ పెట్టాడా, మళ్లీ తినాలనిపించిందా అని వివరాలన్నీ అడిగారు. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆమె పోయిన కబురు వినగానే బజ్జీ ఎందుకు ఉమ్మేయలేదని మీలో ఎవరైనా నన్ను తిట్టుకుంటుంటే, కారణం ఇది. నాకు ఆకలి తెచ్చిపెట్టింది ఆమే.

ఇక మూడో మెట్టు మీది పెద్దమ్మ గురించి చెప్పాలి.

ఆమెది టేకులపల్లికి పైన అడవిలో ఒక చిన్న ఊరు. సంతకు విస్తరాకులు, చింతపండు, చీపుర్లు తెచ్చేది. రెండింటికల్లా అమ్మకం ముగించి, మిగిలిన ఆకుల కట్టతో వచ్చి మా మెట్ల మీద మూడో మెట్టున కూర్చునేది. నా గంట అయి నేను కిందికి దిగేదాకా అక్కడే ఉండేది. మొదట్లో ఎండకు కూర్చుందనుకున్నాను.

"ఏం పెద్దమ్మా, గిరాకీ ఎట్లుంది?"

"నీ అసొంటోళ్లు పైకెక్కి ఉత్త మాటలు కొనుక్కపోతాంటే నా ఆకులు ఎవడు కొంటడు బిడ్డా!"

"మాటలు మెత్తగుంటయ్ పెద్దమ్మా, నీ ఆకులు గుచ్చుకుంటయ్."

"అన్నం పెడితె తెలుస్తది, ఏది గుచ్చుకుంటదో."

అలా మొదలైంది మా స్నేహం. ఒక రోజు అడగకుండానే చెప్పింది. "రెండేండ్లాయె నిద్రపోక. పండుకుంటె పక్కల పిల్లగాడు ఉన్నట్టె ఉంటది. తడుముత. ఉండడు." పిల్లగాడు ఎవరని, ఏమయ్యాడని నేను అడగలేదు. ఆమె కూడా అక్కడితో ఆపి, చీర కొంగుతో మెట్టు తుడిచింది. వాళ్ల దేవర పూజారి దగ్గరికి పోతే కోడిని కోయించి, పూజ చేసి, చివరికి ఆయనే అన్నాడట. "గీ పని నా చేతుల లేదు, మాటల డాక్టరమ్మ కాడికి పో" అని.

పోయింది. మేడం ఒప్పుకున్నారు. కానీ నాలుగు గంటలూ నిండి ఉన్నాయి. "ఒకరు లేస్తే ఆ గంట నీదే" అని మాటిచ్చారు. ఖమ్మం రమ్మని కూడా అడిగారట. "గంత దూరం బస్సెక్కితె నాకు వాంతులైతయ్. ఒకరోజు కూలి పోతది, మల్ల చార్జీలు" అందట ఈవిడ. అందుకని ప్రతి సంతకూ వచ్చి, ఎవరు లేస్తారా అని కూర్చునేది.

ఐదో గంట పెట్టొచ్చు కదా అని నేనే మేడంతో వాదించాను. అప్పటికి నా ధైర్యం అంతదాకా వచ్చింది.

"ఐదో మనిషిని కూర్చోబెడితే విననయ్యా, విన్నట్టు కూర్చుంటా. ఆవిడ అంత దూరం నుంచి దానికా వచ్చేది?" అన్నారు. గుండె జబ్బు సంగతి అప్పుడు చెప్పలేదు. సాయంత్రం బస్సు పోతే ఇంకోటి లేదని మాత్రం చెప్పారు.

"పోనీ ఎవరైనా రాని రోజు ఆమెను పిలవండి."

"ఒక్కరోజు పిలిచి వదిలేస్తే, పుండు మీద కట్టు విప్పి అట్లాగే పంపినట్టు. వరసగా కొన్నాళ్లు ఇవ్వగలిగితేనే మొదలెట్టాలి."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె బల్ల మీద ఒక నోటు పుస్తకం తెరిచి ఉంది. పెద్దమ్మ వాళ్ల ఇంటి భాషలో మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నారు. నిద్ర, కల, పక్క, పిల్లవాడు, బరువు. సంతలో ఎవరినో అడిగి వారానికి నాలుగైదు పోగు చేసేవారు. "తెలుగులో ఆవిడ బేరమాడగలదు. బాధ మాత్రం ఇంటి మాటలోనే వస్తుంది కదా. ఆవిడ వంతు వచ్చేసరికి నాకు కొన్ని మాటలైనా రావాలి" అన్నారు. ఈ వయసులో కొత్త భాషా మేడం అని నేను ఎగతాళి చేశాను. పేజీ నిండింది. కొన్ని వారాలకు ఇంకో పేజీ.

ఆమెకున్న ఇంకో అలవాటు. మూడు నెలలకోసారి, లేవబోయే ముందు ఒకే ప్రశ్న అడిగేవారు. "ఏమైనా మారిందా?" ఆదాయం మారిందా అని దాని అర్థం. మారితే చెప్పి ఖమ్మం వైపు వెళ్లాలి, ఆ గంట ఇంకొకరికి పోతుంది. కాగితం అడగరు, రెండోసారి అడగరు. నువ్వు చెప్పిందే చెల్లుతుంది.

మొదటిసారి అడిగినప్పుడు, "ఏం మారలే మేడం, లెక్కలు చెప్పే పిల్లలు కూడా మారలే, అదే తరగతిల ఉన్నరు" అన్నాను. ఆమె పడీపడీ నవ్వారు. అది నిజం.

రెండోసారి, "మారింది మేడం, నెత్తి మీద జుట్టు ఊడుతాంది" అన్నాను. అప్పుడూ నవ్వారు.

మూడోసారి అడిగిన రోజు ఆమె మెట్లెక్కడమే కష్టమైంది. పద్నాలుగు మెట్లు. మూడో మెట్టు దగ్గర పెద్దమ్మ భుజం మీద చెయ్యేసి ఆగారట. నా గంటలో కూడా మధ్యమధ్య కళ్లు మూసుకున్నారు. లిఫ్టు పెట్టిద్దాం మేడం, జాడీలో డబ్బులు చాలకపోతే నేను చందా వసూలు చేస్తా అన్నాను.

"ఏమైనా మారిందా?" అన్నారు.

"మారింది మేడం. కింద షాపుల మందు డబ్బాల రంగు మారింది."

ఆమె నవ్వలేదు. గడియారం మీద చెయ్యి వేసి, తిప్పకుండా ఆగారు. బయట సంత ఎత్తేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏమైనా మారిందా నాయనా?" అన్నారు మళ్లీ.

ఎన్నడూ రెండోసారి అడగని మనిషి.

"ఏం లేదు మేడం" అన్నాను.

గడియారం తిప్పుకున్నారు. "సరే. వచ్చే సంతకి రా" అన్నారు. కిటికీ వైపు తిరిగి నీళ్లు తాగారు. నేను జాడీలో నలభై వేశాను.

మెట్లు దిగుతుంటే పెద్దమ్మ అడిగింది. "నీదెప్పుడు ఐపోతది బిడ్డా?"

"నేను సచ్చినంక పెద్దమ్మా."

"ఛల్, నోటికి అద్దూ అదుపూ లేదు" అని నా వీపున ఒకటి చరిచి నవ్వింది. నేనూ నవ్వాను. వచ్చే సంతకు రమ్మన్న మేడం ఆ సంత దాకా లేరు.

ఖమ్మం వెళ్లాను. ఇంటి ముందు చాలామంది ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. గోడ పక్కన ఒకరు, స్తంభం పక్కన ఒకరు, కారులో కూర్చుని దిగని వాళ్లిద్దరు. అందరూ ఏడుస్తున్నారు, ఎవరూ ఎవరికీ తెలియదు. మేడం తమ్ముడు కాబోలు, ఒక పెద్దమనిషి అందరినీ పలకరిస్తూ వచ్చాడు. "అక్క మీకేమవుతారు?"

"తెలిసినవాళ్లమండీ" అంది స్తంభం దగ్గరున్నామె.

"తెలిసినవాళ్లం" అన్నాడు గోడ దగ్గరతను.

నా దగ్గరికి వచ్చేసరికి ఆయనే, "మీరూ తెలిసినవాళ్లేనా?" అన్నాడు. తలూపాను. ఇంతమంది తెలిసినవాళ్లేమిటని ఆయన అయోమయంగా చూశాడు. చుట్టమైతే చుట్టమని చెప్పొచ్చు, శిష్యుడైతే శిష్యుడని చెప్పొచ్చు. నా ప్రాణం ఆమె దగ్గర వారానికో గంట చొప్పున నిలబడిందని పది మందిలో ఎలా చెప్పడం? పాడె లేచినప్పుడు కూడా మేమంతా ఎడంగానే నడిచాం. ఆమె ముందు తప్ప ఇంకెవరి ముందూ ఏడవడం మాకు చేతకాదు. ఆమేమో ముందు వెళ్లిపోతున్నారు.

ఇప్పుడు ఏమవుతుందని అడిగితే, ఏమీ అవదు. టేకులపల్లి గదికి ఆమె బదులు వచ్చేవాళ్లు లేరు. ఖమ్మంలో వేరేవాళ్లున్నారు, వాళ్ల ఫీజు గోడ మీద రాసి ఉంటుంది, అది అందరికీ ఒకటే. మిగతా ముగ్గురిలో ఒకతను మళ్లీ ఇంట్లోంచి బయటికి రావడం లేదని ఎరువుల షాపాయన చెప్పాడు. చెప్పి, కాసేపు తన అరల వైపు చూసి, "తమ్మీ, అతను మందు డబ్బా కోసం వస్తే నేను ఇయ్య. కానీ షాపు నాదొక్కటే కాదు గదా" అన్నాడు.

తర్వాతి సంతకు వెళ్లాను. పైన తాళం. తలుపు మీద అట్టముక్క, గది కిరాయికి ఇవ్వబడును అని. మూడో మెట్టు మీద పెద్దమ్మ ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు, ఆమె ఇంకా ఎవరి లెక్కలోనూ లేదు.

"డాక్టరమ్మ రాలే బిడ్డా?"

పక్కన కూర్చున్నాను. చెప్పాను. ఆమె అరవలేదు, గుండెలు బాదుకోలేదు. మెట్టు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. మేడం భుజం పట్టుకుని ఆగిన మెట్టు అది.

"పోయినసారి నా మీద బరువేసింది" అంది. "ఏందమ్మా గంత సల్లగున్నయ్ చేతులు అన్న. నవ్వింది. మా మాటల్నే ఒకటి అన్నది నాతోని. వంకరగ అన్నది. కానీ అన్నది."

"ఏమన్నారు పెద్దమ్మా?"

"జెర ఆగు, నీ వంతు వస్తది అన్నది."

తర్వాత లేచి, ఆకుల కట్టను నా చేతిలో పెట్టింది. విప్పని కట్ట. "దినాలకు ఆకులు గావాలె గదా. ఆమె ఇంట్ల ఇయ్యి."

"పైసలు..."

"నా గంటకు యాభై అని చెప్పి పెట్టిన ఆమెకు. ఒక్కనాడు ఇయ్యకపోతి. ఇయి గంత ఐతయ్ తియ్యి."

రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి అడిగింది. "మరి నీది ఐపోయిందా బిడ్డా? ఎప్పుడైపోయింది?"

"మొన్ననే పెద్దమ్మా" అన్నాను.

ఆమె తలూపి, సంతలోంచి అడవి దారి పట్టింది. ఇవాళ కట్ట లేదు కదా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడిచింది. కనిపించినంత దూరం చూశాను.

మొదట్లో బజ్జీ దగ్గర్నుంచి అన్నిటికీ క్షమాపణలు చెప్పాను. కబురు వచ్చిన రోజు నేను వైరాలో ఏం చేస్తున్నానో మాత్రం చెప్పలేదు. ఉద్యోగం చేస్తున్నాను. ఒక విత్తనాల కంపెనీలో, వైరా నుంచి పెనుబల్లి దాకా పొలాలు తిరిగే ఉద్యోగం. నెలకు ఇరవై నాలుగు వేలు. గంటలకు పంచితే నూట ఇరవై పడుతుంది. అది వచ్చి ఐదు నెలలైంది. ఖమ్మం నాకు దూరం కాదు, తేడా ఎనభై రూపాయలు. చెబితే, బాగయ్యావు ఇక వెళ్లు అంటారేమోనని భయపడ్డాను అని రాస్తే మీరు జాలిపడతారు. అదీ కొంత ఉంది. కొంత కొత్తగా కొన్న మోటార్‌సైకిల్ వాయిదా కూడా ఉంది. ఆమె రెండుసార్లు అడిగిన రోజు నా జేబులో కంపెనీ గుర్తింపు కార్డు ఉంది.

మూడో మెట్టు మీద పెద్దమ్మ ఉందని తెలిసి, ఆమె పక్క నుంచే మెట్లెక్కి, ఐదు నెలల పాటు ప్రతి సంతకూ ఆమె గంటలో నేను కూర్చున్నాను.